స్టేజి మీద పాడే అమ్మాయి పిల్లల టీవీకి వెళ్తే...

ప్రశ్న: మా అమ్మాయి మ్యూజికల్ థియేటర్‌లో డిగ్రీ చేసింది. మూడేళ్లుగా నాటకాల్లో పాడుతోంది, డాన్స్ చేస్తోంది. ఇప్పటిదాకా ఎక్కువగా బృందంలోనే. ఈమధ్య బడికి వెళ్లని చిన్నపిల్లల కోసం తీసే టీవీ ప్రోగ్రాంకి హోస్ట్‌గా ఆడిషన్‌కి పిలిచారు. తనకి కాలు నేల మీద నిలవడం లేదు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇంత చదువు చదివింది పిల్లల పాటలు పాడటానికా అనిపిస్తోంది. రేపు మళ్లీ నాటకాల్లోకి వస్తానంటే రానిస్తారా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది పరువు గురించి, రెండోది దారి గురించి. మొదటిదానికి జవాబు తేలిక.

జాషువా డెలా క్రూజ్ అనే నటుడు మీ అమ్మాయిలాగే మ్యూజికల్ థియేటర్‌లో డిగ్రీ చేశాడు. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 'అలాద్దీన్' నాటకంలో బృంద నటుడు. హీరోకి అండర్‌స్టడీ కూడా, అంటే హీరో రాలేని రోజున ఆ పాత్ర వెయ్యడానికి సిద్ధంగా ఉండే మనిషి. 2019లో 'బ్లూస్ క్లూస్ అండ్ యూ' అనే పిల్లల కార్యక్రమానికి హోస్ట్ అయ్యాడు. వెనక వరసలో నిలబడ్డవాడి చుట్టూ మొత్తం కార్యక్రమం తిరిగింది. ఇంకా వెనక్కి వెళ్తే బ్రిటన్‌లో ఫ్లోయెల్లా బెంజమిన్ ఉన్నారు. 1970ల్లో లండన్‌లో 'హెయిర్', 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్' లాంటి సంగీత నాటకాల్లో నటించి, 1976లో బీబీసీలో 'ప్లే స్కూల్' అనే పిల్లల కార్యక్రమానికి వచ్చారు. 2010లో బ్రిటన్ ఎగువ సభ సభ్యురాలయ్యారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. పిల్లల కార్యక్రమం అంటే మెట్టు దిగడం అన్న భయం మాత్రం అక్కర్లేదు.

నిజంగా ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. మీ అమ్మాయి ఇన్నేళ్లూ చివరి వరసలో కూర్చున్నవాళ్లకి వినపడేలా, కనపడేలా పని చెయ్యడం నేర్చుకుంది. ఇక్కడ ప్రేక్షకుడు ఒక్కడే. వాడికి మూడేళ్లు. టీవీకి రెండడుగుల దూరంలో నోట్లో వేలు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. స్టేజి నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. నవ్వు మరీ పెద్దదవుతుంది, చేతులు ఫ్రేము దాటిపోతాయి, గొంతు గది పగలగొడుతుంది. తగ్గించమంటే ఉత్సాహం కూడా తగ్గించేస్తారు. తగ్గించాల్సింది సైజు, ప్రాణం కాదు.

అన్నిటికన్నా కష్టం మౌనం. 1996లో మొదలైన అసలు 'బ్లూస్ క్లూస్'లో హోస్ట్ ఒక ప్రశ్న అడిగి, లెన్సులోకి చూస్తూ ఆగేవాడు. ఇంట్లో పిల్లలు జవాబు అరిచేదాకా ఆగినట్టు. చూడ్డానికి ఇదేం పని అనిపిస్తుంది. చేసి చూడమనండి. ఎవరూ లేని గదిలో ప్రశ్న అడిగి, మూడు నాలుగు సెకన్లు నిజంగా వింటున్నట్టు ఉండటం, ఆ తర్వాత నిజంగా విన్నట్టు ఆనందపడటం. స్టేజి మీద మూడు సెకన్ల నిశ్శబ్దం అంటే ఎవరో డైలాగ్ మరిచిపోయారని అర్థం. ఆ భయం ఒంట్లోంచి పోవాలి. పైగా పక్కన మాట్లాడే కుక్కో పిల్లో తర్వాత బొమ్మగా గీసి కలిపేది కావచ్చు. అప్పుడు ఒట్టి రంగు తెర ముందు గాలితో మాట్లాడాలి.

పాట కూడా మారుతుంది. మీ అమ్మాయి గొంతు ఎంత పైకి వెళ్తుందో ఇక్కడ ఎవరికీ పట్టదు. పిల్లలు కలిసి పాడగలిగే శ్రుతిలో, అయిదారు స్వరాల్లో, గమకాలూ హంగులూ లేకుండా పాడాలి. బాగా పాడేవాళ్లకి ఇది శిక్షలా ఉంటుంది! డాన్స్‌లో అయితే ఇంకో తమాషా. 'కుడిచెయ్యి ఎత్తండి' అన్నప్పుడు తను ఎడమచెయ్యి ఎత్తాలి, పిల్లలకి అద్దంలో చూసినట్టు ఉండాలి కాబట్టి.

మాటలు కూడా సొంతంగా కలపడానికి ఉండదు. మంచి కార్యక్రమాల్లో స్క్రిప్టు వెనక పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు ఉంటారు. అమెరికాలో దశాబ్దాలపాటు పిల్లల కార్యక్రమం నడిపిన ఫ్రెడ్ రోజర్స్ సంగీతం చదువుకున్న మనిషి, తన పాటలు తనే కట్టుకునేవాడు. అంతటివాడూ ఏళ్ల తరబడి మార్గరెట్ మెక్‌ఫార్లండ్ అనే పిల్లల మనస్తత్వ నిపుణురాలితో కూర్చుని మాట మాటా చర్చించేవాడు. ఒక్క వాక్యం మూడుసార్లు మార్చారని మీ అమ్మాయి చిన్నబుచ్చుకుంటే ఈ పని తనకి కాదు.

ఆడిషన్‌కి ముందు ఇంట్లో చేయించండి. ఫోన్‌ని మూడేళ్ల పిల్ల కళ్ల ఎత్తులో పెట్టి, రెండు నిమిషాల కథ చెప్పి, మధ్యలో రెండు ప్రశ్నలు అడిగి ఆగమనండి. ఆ వీడియో సౌండ్ తీసేసి చూడండి. కళ్లు లెన్సు మీద నిలవకపోతే వెంటనే తెలిసిపోతుంది. దానికన్నా మంచిది, దగ్గర్లో ప్రీస్కూల్ ఉంటే నాలుగు రోజులు వెళ్లి కథలు చదివి రావడం. పిల్లలు మొహమాటానికి చప్పట్లు కొట్టరు, నచ్చకపోతే లేచి వెళ్లిపోతారు. తోలుబొమ్మో చేతిబొమ్మో ఆడించడం, ఏదైనా వాయిద్యం, సైగలు, వీటిలో ఒకటి వచ్చినా లాభమే. బ్రిటన్‌లో జస్టిన్ ఫ్లెచర్ డ్రామా స్కూల్ నుంచి వచ్చి, 2003లో మొదలైన 'సమ్‌థింగ్ స్పెషల్' అనే పిల్లల కార్యక్రమంలో మకటాన్ అనే సైగల పద్ధతితో మాట్లాడుతూ పేరు తెచ్చుకున్నాడు.

తనని ఒక్క మాట అడగండి: నాటకం అయ్యాక వచ్చే ఆ చప్పట్లు లేకుండా ఉండగలవా? షూటింగ్‌లో డైరెక్టర్ 'ఓకే, నెక్స్ట్' అంటాడు, అంతే. పిల్లల ప్రేమ నెలల తర్వాత, ఎక్కడో బస్టాపులో, ఓ పిల్ల వచ్చి కాళ్లు చుట్టేసినప్పుడు తెలుస్తుంది. కొందరు ఆ లోటు తట్టుకోలేరు. అందులో తప్పేమీ లేదు, ముందే తెలుసుకోవడం మేలు.

ఇక తిరిగి రావడం. ముద్ర పడుతుంది, కాదనను. 'బ్లూస్ క్లూస్' మొదటి హోస్ట్ స్టీవ్ బర్న్స్ 2002లో తప్పుకున్నాక ఆయన చనిపోయాడన్న పుకారు ఏళ్ల తరబడి తిరిగింది. 2021లో ఆయన ఒక చిన్న వీడియోలో కనిపించి పలకరిస్తే, అప్పటి పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్లు, కన్నీళ్లు పెట్టుకున్నారు. అంత గట్టిగా అతుక్కున్న ముఖాన్ని వెంటనే విలన్ పాత్రకి తీసుకోవడానికి దర్శకులు జంకుతారు. అయితే పిల్లల కార్యక్రమాలకి తరచూ స్టేజి షోలు కూడా ఉంటాయి, అక్కడ పాడే, ఆడే హోస్ట్ దొరికితే నిర్మాతలకి పండగే. షూటింగ్ సాధారణంగా కొన్ని వారాలపాటు వరసగా చేసేస్తారు. మిగతా నెలల్లో వాయిస్ క్లాసు, డాన్స్ క్లాసు మానకుండా, పాత బృందంతో రాకపోకలు ఉంచుకుంటే తలుపు మూసుకోదు.

తలుపు నిజంగా మూసేది కాంట్రాక్టు. సెలెక్ట్ అయితే రెండు చోట్ల ఆగి చదవమనండి. షూటింగ్ లేని నెలల్లో వేరే నాటకంలో నటించొచ్చా? తన ముఖం, గొంతు బొమ్మల మీదా, ఆటవస్తువుల మీదా వాడుకుంటే తనకి వాటా ఉందా? మళ్లీ మళ్లీ ప్రసారం చేసినందుకు డబ్బు వస్తుందా, లేక మొదట్లోనే ఒక మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటారా అన్నదీ అక్కడే తేలుతుంది. వినోద రంగం కాంట్రాక్టులు తెలిసిన లాయరు చూసేదాకా సంతకం వద్దు. ఆడిషన్‌కి మాత్రం హాయిగా వెళ్లి రమ్మనండి.