కొవ్వు లేని కొవ్వొత్తి – మాట తప్పా?

సందేహం: మారేడ్‌పల్లి నుంచి ఒకావిడ అడిగారు. "మా పాప కొవ్వొత్తి అని రాస్తే స్కూల్లో టీచర్ కొట్టేసి మైనపువత్తి అని దిద్దారండి, ఇప్పుడవి పారఫిన్‌తో చేస్తారు కదా, కొవ్వు ఎక్కడుంది అన్నారట. బేగంబజార్‌లో తెచ్చిన ప్యాకెట్ మీద కూడా పారఫిన్ వాక్స్ అనే ఉంది. ఏది కరెక్టు?"

సమాధానం: కొవ్వొత్తే రాయమనండమ్మా, తప్పేం లేదు. కొవ్వు + ఒత్తి, ఉత్వసంధి. ఒకప్పుడు పశువుల కొవ్వు కరిగించి ఒత్తి చుట్టూ పోసి చేసేవాళ్ళు కాబట్టి ఆ పేరు, తర్వాత సరుకు మారింది, పేరు ఉండిపోయింది. నూనె సంగతి చూడండి, నూ అంటే నువ్వులు, దానికి నెయ్యి కలిసి నూనె అయింది, ఆ లెక్కన నువ్వుల్లోంచి తీసిందే నూనె కావాలి, కానీ మనం పల్లినూనె అంటాం, కొబ్బరినూనె అంటాం, కిరసనాయిల్ని కూడా మన పెద్దవాళ్ళు గ్యాసునూనె అన్నారు, ఎవరైనా కొట్టేశారా?

పైగా టీచర్‌గారి లెక్కే పట్టుకుంటే మైనపువత్తి కూడా నిలబడదు. మైనం అంటే అసలు తేనెపట్టుది. సంస్కృతంలో మదనం అనే మాటకి ఆ అర్థం ఉంది, అది ప్రాకృతంలో మయణ అయి మన దగ్గర మైనం అయింది. పారఫిన్‌కీ తేనెటీగకీ ఏ సంబంధమూ లేదు, అది పెట్రోలియంలోంచి వస్తుంది.

పారఫిన్ అన్న పేరు మాత్రం నాకు చాలా ఇష్టం. 1830లో కార్ల్ ఫాన్ రైషెన్‌బాఖ్ అనే జర్మన్ కెమిస్ట్ కట్టె తారులోంచి దీన్ని తీశాడు, లాటిన్‌లో పారుమ్ అంటే తక్కువ, అఫినిస్ అంటే చుట్టం, అదీ పెళ్ళితో కలిసిన చుట్టం. అంటే ఎవరితోనూ అంత తేలిగ్గా వియ్యమందని పదార్థం అన్నమాట. ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి, కొవ్వుని కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సబ్బవుతుంది, పారఫిన్ అవదు, ఎందుకంటే దాంట్లో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఇంకేం లేవు, 20 నుంచి 40 దాకా కార్బన్లు వరసగా గొలుసు కట్టి ఉంటాయి. నీళ్ళలోనూ కలవదు. 50, 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి ఫిజియోథెరపీలో కీళ్ళనొప్పులున్నవాళ్ళు వెచ్చటి మైనంలో చేతులు ముంచుతారు, ల్యాబుల్లో బయాప్సీ ముక్కని ఇందులోనే పొదిగి పల్చటి పొరలుగా కోస్తారు. వెలిగేది కూడా ఒత్తి కాదు, ఒత్తి పీల్చుకున్న మైనం ఆవిరి. దీపం ఆర్పగానే లేచే తెల్లపొగకి అగ్గిపుల్ల చూపిస్తే మంట మళ్ళీ ఒత్తికి అందుకుంటుంది, పాపకి మీరు దగ్గరుండి చూపించండి.

కాబట్టి సైన్స్ నోట్‌బుక్‌లో పారఫిన్ మైనం, తేనెమైనం అని విడివిడిగా రాయాలి, అక్కడ తేడా ముఖ్యం. ఇంట్లో, కథలో, వ్యాసంలో కొవ్వొత్తే. పాతబస్తీలో మోంబత్తి అంటారు, అదీ బాగుంటుంది, మోం ఫారసీలో మైనమే, బత్తి మన ఒత్తికి తోబుట్టువు, రెండూ సంస్కృతం వర్తిలోంచి వచ్చినవే.