రెండు రూపాయల వడ్డీనా, 12 శాతం ఫ్లాటా?

ప్రశ్న: ఖమ్మంలో ప్రైవేటు స్కూలు టీచర్ని. జీతం 38 వేలు. ఊళ్లో నాన్నగారి ఇంటి స్లాబు కారుతోంది. వానల్లోగా బాగు చేయించడానికి 2 లక్షలు కావాలి. తెలిసినాయన ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. ఒక ఫైనాన్స్ కంపెనీ రెండేళ్లకు 12 శాతం ఫ్లాట్, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు అంటోంది. 2021లో క్రెడిట్ కార్డు బాకీ 18 వేలుంటే 11 వేలకు సెటిల్ చేసుకున్నాను. ఇప్పుడు సిబిల్ స్కోరు 668 ఉందని బ్యాంకు లోన్ ఇవ్వలేదు. మా ఆవిడ నగలు కుదువ పెట్టడం ఇష్టం లేదు. 12 శాతమే నయం కదా?

జవాబు: కాదు మాస్టారూ. మీకు చెప్పిన రెండు వడ్డీలూ నిజానికి ఒకటే.

నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఇక ఫ్లాట్ సంగతి. 2 లక్షల మీద రెండేళ్ల వడ్డీ 48 వేలు కలిపి, 24 నెలలకు పంచితే ఈఎంఐ 10,333. మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటారు, వాళ్లు మాత్రం చివరి నెల దాకా మొత్తం 2 లక్షల మీదే వడ్డీ వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది దాదాపు 21.5 శాతం. పైగా ఫీజు 4,000, దాని మీద జీఎస్టీ 720 ముందే కోసుకుంటారు. చేతికొచ్చేది 1,95,280. ఇప్పుడు లెక్క వేస్తే 24 శాతం దాటుతోంది!

ఈ లెక్క మీరు వేయక్కర్లేదు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా ఫైనాన్స్ కంపెనీలైనా ఇలాంటి లోన్లకు సంతకానికి ముందే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ (లోను ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపి లెక్కించిన ఏడాది వడ్డీ శాతం) అన్న గడి చూడండి. ఏజెంటు నోటిమాట పక్కన పెట్టండి.

ప్రోనోటుకు ఇంకో చిక్కుంది. నెలకు 4 వేల చొప్పున రెండేళ్లలో 96 వేల వడ్డీ కట్టినా అసలు 2 లక్షలూ అలాగే ఉంటుంది.

నన్నడిగితే నగలే దారి. మీ ఆవిడ ఒప్పుకుంటేనే సుమా. బ్యాంకులో బంగారం మీద అప్పు సాధారణంగా పర్సనల్ లోన్ కంటే తక్కువ వడ్డీకి వస్తుంది, స్కోరు పట్టింపూ తక్కువే. పరువు తక్కువనుకుంటారు కానీ, 24 శాతం కట్టడం కంటే నయమే కదా. నెలనెలా కట్టే పద్ధతి అడగండి. గడువు దాటితే వేలం వేస్తారన్నది మాత్రం మరవద్దు.

స్కోరును కిందికి లాగుతున్నది ఆ సెటిల్‌మెంట్ అయి ఉండొచ్చు. రిపోర్టులో ‘సెటిల్డ్’ అని ఉంటే బ్యాంకులు వెనకాడతాయి. మిగిలింది ఎంత కట్టాలో కార్డు బ్యాంకును రాతపూర్వకంగా అడిగి, కట్టేసి, ఇక బాకీ లేదని నో డ్యూస్ లెటర్ తీసుకోండి. ఆ తర్వాత రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని మారిందో లేదో చూడండి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం, మీది మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. అయితే స్కోరు పెరగడానికి నెలలు పడుతుంది, ఈ వానలకు అందదు.

అన్నట్టు, ఆ 2 లక్షల లెక్క ఎవరిది? ఒక్క మేస్త్రీ చెప్పిందేనా? వాటర్‌ప్రూఫింగ్‌తో సరిపోతుందేమో ఇంకొకరికి చూపించండి. అప్పు లక్షకు దిగితే సగం నగలు బీరువాలోనే ఉంటాయి.