షాంటీ బృందాలు టిక్‌టాక్‌తో పుట్టలేదు

ప్రశ్న: 2021లో టిక్‌టాక్‌లో 'వెల్లర్‌మన్' పాట ఊపేశాకే కదా ఈ సీ షాంటీ (ఓడల్లో కళాసీలు పనిచేస్తూ పాడే పాటలు) బృందాలు పుట్టుకొచ్చాయి? వాటికి అంతకుముందు చరిత్ర ఉందా?

ఉంది, చాలానే ఉంది. స్కాట్లండ్ పోస్ట్‌మ్యాన్ నేథన్ ఎవాన్స్ వీడియో ప్రపంచమంతా తిరిగేనాటికే ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లోని పోర్ట్ ఐజక్ అనే జాలరి ఊళ్లో 'ఫిషర్‌మన్స్ ఫ్రెండ్స్' అనే బృందం పాతికేళ్లుగా పాడుతోంది. శాన్ ఫ్రాన్సిస్కోలో హైడ్ స్ట్రీట్ రేవు దగ్గర 1981 నుంచే నెలనెలా పాడుతూ వచ్చారు. పైగా 'వెల్లర్‌మన్' న్యూజిలాండ్ తిమింగలాల వేటగాళ్ల కథాపాట. మోకు లాగడానికి కట్టింది కాదు.

కథాపాటకీ పనిపాటకీ ఉన్న ఈ తేడా పట్టుకోకపోతే బృందాల చరిత్ర అర్థం కాదు. తెరచాప ఎత్తే పాటనే తీసుకోండి. పెద్ద ఓడల్లో తెరచాప కట్టే అడ్డకొయ్య టన్ను పైచిలుకు తూగుతుంది. పాట నడిపే షాంటీమ్యాన్ ఒక్కడే ఒక పాదం అందుకుంటాడు. ఆ కాస్త వ్యవధిలో మోకు మీద ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకుని, చేతులు ముందుకు జరిపి, మడమలు తన్నిపెడతారు. కోరస్‌లో నొక్కు పడే మాట మీద అందరూ ఒక్క పెట్టున లాగుతారు. మామూలుగా ఒక్కో కోరస్‌కి రెండు లాగుళ్లు. ఒకడు అరక్షణం ముందు లాగాడంటే బరువంతా వాడి అరచేతుల మీదే పడుతుంది, కొయ్య మాత్రం అంగుళం కదలదు. లంగరు ఎత్తేటప్పుడు క్యాప్‌స్టన్ (మోకు చుట్టుకునే నిలువు ఇరుసు) చుట్టూ ఆగకుండా నడుస్తారు కాబట్టి ఆ పాటల కోరస్‌లు పొడుగ్గా సాగుతాయి.

ఇదంతా సరుకు ఓడల్లో, 19వ శతాబ్దంలో. బ్రిటిష్ యుద్ధనౌకల్లో పని చేస్తూ పాడనిచ్చేవాళ్లు కాదు. అక్కడ మనుషులు కొల్లలు, సరుకు ఓడలో కళాసీలు కొద్దిమందే. ఆవిరి యంత్రాలు వచ్చాక ఓడలకి ఈ పాటలతో పని తీరిపోయింది. 1914లో జానపద పాటలు సేకరించే సెసిల్ షార్ప్ ఇంగ్లండ్‌లో సోమర్సెట్ తీరంలోని వాచెట్ వెళ్లి, జాన్ షార్ట్ అనే ముసలి నావికుడు పాడుతుంటే పదుల కొద్దీ పాటలు రాసుకున్నాడు. ఆయన వెళ్లి ఉండకపోతే ఇవాళ్టి బృందాలకి సగం పాటలు ఉండేవి కావని నా గట్టి నమ్మకం. 1929లో మునిగిన 'గార్త్‌పూల్' ఓడలో పనిచేసిన స్టాన్ హ్యూగిల్ 1992లో చనిపోయేదాకా ఈ పాటలు కొత్తవాళ్లకి నేర్పుతూనే ఉన్నాడు.

పోర్ట్ ఐజక్ వాళ్లది ఇంకో దారి. 1990లలో స్నేహితులు సరదాగా కలిసి పాడటం మొదలుపెట్టి, వేసవి శుక్రవారాల్లో రేవు ఒడ్డున నిలబడి పాడేవాళ్లు. టికెట్టు లేదు, వచ్చిన చందాలు సేవాసంస్థలకి. 2010లో యూనివర్సల్ కంపెనీ రికార్డు చేస్తే ఆ ఆల్బమ్ బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్లింది. 2011లో గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో పాడారు. 2013 ఫిబ్రవరిలో గిల్‌ఫర్డ్‌లోని ఒక హాల్లో బరువైన ఇనుప తలుపు మీద పడి గాయకుడు ట్రెవర్ గ్రిల్స్, ప్రమోటర్ పాల్ మెక్‌ముల్లెన్ చనిపోయారు. అంత దెబ్బ తిని కూడా బృందం మళ్లీ నిలబడింది. 2019లో వచ్చిన సినిమా చూసి వీళ్ల గురించి తెలుసుకున్నవాళ్లే ఎక్కువ. నాకు ఆ సినిమా కన్నా, ఊరివాళ్లు పక్కనే నిలబడి కోరస్ అందుకునే ఆ రేవు ఒడ్డే ముఖ్యం.

ఎందుకంటే చాలా బృందాలు చెడేది వేదిక ఎక్కాకే. తలా ఒక మైకు, నాలుగు గొంతులకి నాలుగు వరసలు, వినేవాళ్లు చేతులు కట్టుకుని కుర్చీల్లో. ఇంక ఆ పాటకి లాగుడెక్కడిది? శాన్ ఫ్రాన్సిస్కోలో 1886 నాటి 'బాల్‌క్లూథా' ఓడ మీద జరుగుతూ వచ్చిన పాటల్లో ప్రేక్షకులంటూ ఉండేవాళ్లు కాదు. ఎవరు ముందుకొస్తే వాళ్లే అందుకునేవాళ్లు, మిగతా అందరూ కోరస్.

మీరు మొదలుపెట్టాలనుకుంటే గుండ్రంగా నిలబడండి, వరసల్లో వద్దు. మొదట కోరస్ ఒక్కటే రెండుసార్లు నేర్పండి. శ్రుతి పెట్టేముందు కోరస్‌లోని అన్నిటికన్నా పై స్వరాన్ని పాడి చూసుకోండి. నాయకుడు తన గొంతుకి నప్పేలా ఎత్తి అందుకుంటే మూడో చరణానికల్లా సగం మంది నోళ్లు మూసుకుంటారు. కాగితాలు పంచకండి. తల దించితే గొంతు నేలమీద పడుతుంది. చరణాలు నాయకుడికి వస్తే చాలు. చప్పట్లు మొదలైతే వేగం పెరిగిపోతుంది, లాగే మాట మీద కాలితో ఒక దెబ్బ వేయించండి. జూమ్‌లో మాత్రం కోరస్ కుదరదు, ఒక్కో గొంతు ఒక్కోసారి చేరుతుంది. అందరూ మ్యూట్‌లో ఉండి ఎవరి ఇంట్లో వాళ్లు పాడుకోవాల్సిందే.

మన కోస్తాలో అలివి వల ఒడ్డుకి లాగేటప్పుడు ఒకరు అందుకోవడం, మిగతావాళ్లు 'హైలెస్సా' అంటూ తాడు మీద పడటం చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ ఉండదు. ఆ పాటలు మనకి ఎక్కువగా సినిమాల్లో, డప్పులూ కీబోర్డులూ కలిపి, లాగుడు తీసేసి వినిపిస్తున్నారు. విశాఖలోనో కాకినాడలోనో ఎవరైనా బృందం కడితే ముందు వల లాగేవాళ్లని పిలిచి మధ్యలో నిలబెట్టాలి, వేగం ఎంతుండాలో వాళ్లనే చెప్పనివ్వాలి.