మందు కొనేముందు చేలోకి దిగు

చిట్టీ,

ఈ సార్వాకి, అదే వానాకాలం వరికి, మన నాలుగెకరాలూ నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ నాన్న మోకాళ్లు లేవనివ్వకపోతే పొలం కౌలుకి పోతుందనుకున్నాను. ఆడపిల్ల నేను చేస్తానని ముందుకొచ్చిందంటే నాకెంత గర్వంగా ఉందో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దుక్కి, నారు, నాట్లు నువ్వు చిన్నప్పటి నుంచీ చూసినవే. నా టెన్షనంతా పురుగుమందుల గురించే.

నారు కొసలు తుంచి నాటించు, కాండం తొలుచు పురుగు గుడ్లు చాలావరకు వాటితోనే పోతాయి. యూరియా ఒకేసారి గుమ్మరించకు. స్వర్ణ రకం వరికి దోమ ఎక్కువ, అదే రసం పీల్చే సుడిదోమ. ఎంటీయూ 1061 రకం కొంత తట్టుకుంటుంది. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలించు. నేల వృథా అని మీ నాన్న గొణుగుతాడు, వినకు.

అతను నీకు చెప్పని సంగతొకటి ఉంది. అప్పటికి నువ్వు పుట్టలేదు. చేను పొట్ట మీదుండగా మడి మధ్యలో ఒకచోట పసుపు తిరిగింది. మీ నాన్న చేలోకి దిగి దుబ్బు విడదీసి చూడలేదు. గట్టు మీద నుంచే చూసి, పక్క చేనాయన ఏం కొట్టాడో కనుక్కుని షాపుకెళ్లాడు. అక్కడ మనకి ఖాతా ఉండేది. అప్పు మీద తెచ్చుకునేవాడు ఇది కాదు అది ఇవ్వమని ఎలా అడుగుతాడు? రెండు డబ్బాలిచ్చి కలిపి కొట్టమన్నారు. ఒకటి సింథటిక్ పైరిత్రాయిడ్, రెండోది ఆర్గనోఫాస్ఫేట్, రెండూ మంచీ చెడూ చూడకుండా పురుగుల్ని చంపే రకాలే.

మర్నాడు నీళ్ల మీద పురుగులు తేలితే మీ నాన్న సంబరపడ్డాడు. తేలినవాటిలో సాలీళ్లున్నాయి, మిరిడ్ నల్లులున్నాయి. దోమను తినేవి అవే. దోమేమో దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. పైనుంచి కొట్టిన మందు అక్కడిదాకా దిగలేదు. ఆకు తొడుగుల్లో పెట్టిన గుడ్లకీ ఏమీ కాలేదు. పది రోజుల్లో పిల్లదోమ లేచింది, దాన్ని తినేది చేలో లేదు. అదే మందు మోతాదు పెంచి మళ్లీ కొట్టాడు. చేను సుడులు సుడులుగా మాడిపోయింది. షాపు బాకీ కోసం మీ నానమ్మ పాడిగేదెను అమ్మేసింది.

పంట పోతే పోయింది. రెండోసారి కొట్టిన రోజు మందు కారి మీ నాన్న వీపంతా తడిసింది. అయినా ట్యాంకు అయ్యేదాకా ఆపలేదు, మొండివాడు. సాయంత్రానికి వాంతులు, చెమటలు, నోట్లో చొంగ. ఏ మందు కొట్టాడని డాక్టరు అడిగితే మాలో ఒక్కరికీ పేరు తెలియదు, డబ్బా గట్టు మీదే ఉండిపోయింది. ఆ రాత్రి గుర్తొస్తే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. అందుకే చెబుతున్నాను: కొన్న ప్రతి డబ్బా లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. ఎవరికైనా బాగోకపోతే తడి బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించి, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లు.

వారానికోసారి చేలోకి దిగి, అక్కడక్కడా దుబ్బులు తట్టి చూడు. పిలకల దశలో దుబ్బుకి పది పదిహేను దోమలు కనిపిస్తేనే మందు మాట. ముందు నీరు తీసి మడి ఆరగట్టు. అప్పటికీ తగ్గకపోతే పైమెట్రోజిన్ అనే దోమ మందు లీటరుకి 0.6 గ్రాములు, ఎకరానికి 200 లీటర్ల నీళ్లతో, నాజిల్ దుబ్బు మొదలుకి పట్టి కొట్టించు. పైరిత్రాయిడ్ మాత్రం వరిలో దోమకి వద్దే వద్దు.

మందు నగదుకే కొను. చేతిలో డబ్బు లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, మొహమాటపడకు. బిల్లు అడుగు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడు, లేబుల్ మీద వరి పేరుందో లేదో చదువు. పేరూ ఊరూ లేని బయో మందు అంటగడితే వెనక్కిచ్చెయ్. ఫోరేట్ గుళికలు 2020 చివరి నుంచే నిషేధం, పాత సరుకుందన్నా ముట్టుకోకు. అనుమానమొస్తే కిసాన్ కాల్ సెంటర్‌కి, 1800-180-1551కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

మందు కొట్టే మనిషి కూలికొచ్చినవాడైనా చేతికి తొడుగు, మూతికి గుడ్డ, ఒంటినిండా బట్ట లేకుండా పంపు ఎత్తనివ్వకు. గాలికి ఎదురుగా నడవనివ్వకు. నాజిల్ పూడుకుంటే నోటితో ఊదనివ్వకు. ఖాళీ డబ్బాలు మంచినీళ్లకి వాడుకునేవాళ్లున్నారు, అందుకని చిల్లులు పొడిచెయ్.

నాట్లు ఏ వారమో తెలియగానే చెప్పు, రెండు రోజుల ముందే వస్తాను. కాలిబాటల విషయం మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ మేనత్త