ఆదాయం రాశావు, వ్యయం ఏదీ?

గుంటూరు,
28-12-2025

చి. బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన కొత్త సంవత్సరం లక్ష్యాల లిస్టు పొద్దున్నే కాఫీ తాగుతూ చూశాను. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాను. పదకొండున్నాయి. బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్ష పాసవడం, 10 కిలోలు తగ్గడం, 3 లక్షలు దాచడం, నెలకు రెండు పుస్తకాలు, తెల్లవారి 5 గంటలకు యోగా, వీణ మళ్లీ మొదలుపెట్టడం, ఫోను తగ్గించడం, కారు డ్రైవింగ్, హాఫ్ మారథాన్, అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్లడం, ఆఫీసరు ప్రమోషన్. "ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సరే సరే అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

లిస్టులో తప్పుపట్టడానికి ఒక్కటీ లేదు. నాకు గుబులు పుట్టించింది కూడా అదే.

1987 జనవరి 1న నేనూ ఇలాంటిదే రాశాను. బ్యాంకు వాళ్లిచ్చిన డైరీలో, మొదటి పేజీలో, తొమ్మిది. మొన్న అటక దులిపితే ఆ డైరీ దొరికింది. ఫిబ్రవరి 11 దాకా ఏవేవో టిక్కులున్నాయి. ఆ తర్వాత పేజీలన్నీ పాలవాడి లెక్కలే. మీ మామయ్య చూసి, "పాలవాడి విషయంలో మాత్రం ఏడాదంతా మాట మీద నిలబడ్డావు" అన్నారు.

బ్యాంకులో పనిచేసేదానివి కాబట్టి నీకు ఆ భాషలోనే చెబుతాను. నేను కొత్తగా చేరినప్పుడు చీరాల బ్రాంచిలో సేవింగ్స్ లెడ్జర్లు అప్పగించారు. కంప్యూటర్లు లేవు. ఖాతాల నిల్వలన్నీ చేత్తో కూడి, జనరల్ లెడ్జర్‌లో ఉన్న అంకెతో సరిచూడాలి. ఒకసారి 27 రూపాయలు తేడా వచ్చింది. రెండు ఆదివారాలు కూర్చున్నా దొరకలేదు. ఎర్ర పెన్సిల్ టిక్కుల మీద పచ్చ పెన్సిల్ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. మా సూపర్‌వైజరు గారు వెనక నుంచి చూసి, "అమ్మాయ్, 27ని తొమ్మిదితో భాగించు" అన్నారు. శేషం లేకుండా పోయింది. "అయితే ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయి, వెతుక్కో" అని టీకి వెళ్లిపోయారు. నిజమే. ఒక చేనేత ఆవిడ ఖాతాలో 63 వేయాల్సిన చోట 36 వేశాను.

అంకెలు రెండూ సరైనవే, స్థానాలే మారాయి. నీ లిస్టు చూడగానే నాకు ఆ 27 రూపాయలే గుర్తొచ్చాయి.

కాశీని పదో నంబరులో పెట్టావు. మొన్న దసరాకి వచ్చినప్పుడు మీ అమ్మ మన డాబా మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగింది, చూశావో లేదో. కాశీలో ఏ ఘాట్‌కి వెళ్లినా మెట్లే. వీణ రెండేళ్లు ఆగినా మూల నిలబడి ఉంటుంది, మోకాళ్లు ఆగవు. కాబట్టి అది ఒకటో నంబరు. "ఈ ఏడాది తీసుకెళ్తాను" అని రాస్తే ఎప్పటికీ అవ్వదు. నవంబరు అని రాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి సెప్టెంబరులో టికెట్లు. సెలవు సంగతి మీ మేనేజరు చెవిన ఆగస్టులోనే వేసి ఉంచు. అప్పుడు అది కోరికగా కాక పనిగా కనిపిస్తుంది.

ప్రమోషన్ని చివర పెట్టడం కాదు, అసలు లిస్టులోంచి తీసెయ్. అది నీ చేతిలో ఉన్నది కాదు. ఖాళీలు ఎన్ని ఇస్తారో, ఇంటర్వ్యూలో ఎవరు కూర్చుంటారో నీకు తెలియదు. నీ చేతిలో ఉన్నది జేఏఐఐబీ. అది రాయి. మా రోజుల్లో దాన్ని సీఏఐఐబీ పార్ట్ వన్ అనేవాళ్లు. నేను మూడోసారికి గట్టెక్కాను, ఆ సంగతి మీ నాన్న నీకు చెప్పే ఉంటాడు.

ఇక అసలు విషయం. మార్చి 19న ఉగాది, పరాభవ నామ సంవత్సరం. పేరు చూసి కంగారుపడకు, అరవై ఏళ్లకోసారి అందరికీ వచ్చేదే. ఆ రోజు గుళ్లో పంతులుగారు పంచాంగం చదువుతూ ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని రెండూ చెబుతారు. ఆదాయం ఒక్కటే చెప్పి వదిలేసే పంతుల్ని నేనింతవరకూ చూడలేదు. నువ్వు పంపిన కాగితంలో మాత్రం అంతా ఆదాయమే. వ్యయం కాలమ్ లేదు.

జేఏఐఐబీ ఎదురుగా వ్యయం రాయి చూద్దాం. పేపర్లు నాలుగు. ఒక్కోదాంట్లో 50 మార్కులు రావాలి, లేదా ఒకే విడతలో అన్నిట్లో 45కి తగ్గకుండా మొత్తం మీద సగం రావాలి. నీది బీఎస్సీ. అకౌంటింగ్ పేపరు నీకు కొరకరాని కొయ్య అవుతుంది, అది ముందు మొదలుపెట్టు. నువ్వు ఇల్లు చేరేది రాత్రి 8కి. మెట్రోలో నిలబడే వస్తున్నానన్నావు, అక్కడ చదువు సాగదు. మిగిలింది ఆదివారం పొద్దున 7 నుంచి 12. అంటే వ్యయం కింద రాయాల్సింది: శనివారం రాత్రి సెకండ్ షో, ఆదివారం టిఫిన్‌కి ఫ్రెండ్స్. ఇది రాయడానికి చెయ్యి ఆడకపోతే ఆ లక్ష్యం నీది కాదు, మీ కొలీగ్స్‌ది. కొట్టేయడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంకో సంగతి. జనవరి నుంచి మార్చి వరకు బ్రాంచిలో ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఇయర్ ఎండింగ్, రికవరీలు, టార్గెట్లు. ఆ మూడు నెలల మీద పదకొండు బరువులు పెట్టి, ఫిబ్రవరికల్లా "నా వల్ల కాదు" అని నిన్ను నువ్వే తిట్టుకోవడం దేనికి? మనకు కొత్త సంవత్సరాలు మూడున్నాయి. జనవరి 1న జేఏఐఐబీ ఒక్కటే మొదలుపెట్టు. ఉగాది నాడు పచ్చడి తిన్నాక ఒంటి సంగతి చూసుకుందువు. డబ్బు లెక్క ఏప్రిల్ 1న.

డబ్బు గురించి. 3 లక్షలంటే నెలకు 25 వేలు. అవుతుందో కాదో నన్నడక్కు, మీ స్టేట్‌మెంట్‌ని అడుగు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలలదీ ప్రింటు తీసి, ప్రతి నెలా 25వ తేదీన ఎంత మిగిలిందో గుండ్రం చుట్టు. అదీ ఓపెనింగ్ బ్యాలెన్స్. 12 వేలే మిగులుతుంటే 12 వేలతోనే మొదలుపెట్టు, జీతం పడిన రోజే ఆర్డీకి, అదే నెలనెలా కట్టే డిపాజిట్‌కి, వెళ్లిపోయేలా పెట్టు. పీపీఎఫ్‌లో వేసేది ఏదైనా ఉంటే ఐదో తేదీ లోపు వెయ్యి. ఐదు నుంచి నెలాఖరు మధ్య ఉన్న కనీస నిల్వ మీదే ఆ నెల వడ్డీ కడతారు. కౌంటర్లో కస్టమర్లకు నువ్వే చెప్పి, నువ్వే 10న వేసుకుంటావని నాకు తెలుసు.

10 కిలోలు, హాఫ్ మారథాన్, 5 గంటలకు యోగా, ఈ మూడూ కలిసి ఒకటే. మన ఇంట్లో మీ నాయనమ్మకి షుగరు, నాకు షుగరు, మీ నాన్నకి బార్డర్లో ఉంది. ముందు ఒక హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించు. దాదాపు మూడు నెలల షుగరు సగటు తెలుస్తుంది. ఉగాదికి ఒకటి, మళ్లీ జూన్‌లో ఒకటి. మధ్యలో రాత్రి పూట రెండోసారి అన్నం పెట్టుకోవడం మానెయ్, అంతకంటే ఇప్పుడేమీ వద్దు. 21 కిలోమీటర్లు పరిగెత్తే సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు మెట్రో స్టేషన్‌కి ఆటోలో వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది.

పుస్తకాలు, ఫోను అంటావా, అవి లిస్టులో రాసుకుంటే జరిగేవి కావు. ఫోను హాల్లో చార్జింగ్ పెట్టి గదిలోకి పుస్తకం తీసుకెళ్తే రెండూ అయిపోతాయి. డ్రైవింగ్ నేర్చుకో, కానీ కారు లేదుగా, తొందరేం?

సంక్రాంతికి వస్తున్నావు కదా. కొత్త లిస్టు వాట్సాప్‌లో పంపకు, కాగితం మీద రాసి తీసుకురా. ఎడమవైపు ఆదాయం, కుడివైపు వ్యయం. అకౌంటింగ్ పుస్తకం కూడా సంచిలో పెట్టుకో, కనుమ నాడు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మనిద్దరం జర్నల్ ఎంట్రీలు చూద్దాం. అరిసెల పాకం ఈసారి నువ్వే పట్టాలి, నా మణికట్టు సహకరించడం లేదు.

ఇట్లు
మీ అత్తయ్య