అప్‌డేట్ వేసే ముందు అడగవలసిన మాట

ఒంగోలు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన సందేశం రెండుసార్లు చదివాను. ఫోనులో చెబితే సగం చెవిన పడవని రాసి పంపుతున్నాను. కావలిలో ఫోన్ల మరమ్మతు కొట్టు తెరిచి నెల తిరగకుండానే నువ్వూ నీ భాగస్వామీ అప్‌డేట్ల మీద వాదించుకుంటున్నారంటే నాకు సంతోషమే. కొత్త సాఫ్ట్‌వేర్‌లో నాలుగు పనులు ఒకేసారి సాగుతాయి కాబట్టి వచ్చిన ప్రతి ఫోనుకూ వేసెయ్యాలంటాడు అతను. దాని వెంట ప్రకటనలు కూడా దిగుతాయి కాబట్టి వద్దంటావు నువ్వు. ఆ ఫోను తెచ్చిన మనిషికి ఏం కావాలో మీ ఇద్దరిలో ఎవరైనా అడిగారా?

ఈ తగవు పాతదే. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ ఐఫోన్ నాలుగో సాఫ్ట్‌వేర్‌ను ప్రకటించినప్పుడు మల్టీటాస్కింగ్ (అంటే ఒకేసారి నాలుగు పనులు సాగడం), ఐయాడ్ అనే ప్రకటనల ఏర్పాటు ఒకే మూటలో వచ్చాయి. ఆండ్రాయిడ్‌లో అప్పటికే యాప్‌లు వెనకాల నడుస్తున్నాయి. ఆపిల్ మాత్రం బ్యాటరీ అయిపోతుందని తలుపు బార్లా తెరవలేదు. పాట వినిపించడం, ఇంటర్నెట్ కాల్, దారి చూపడం, మొదలుపెట్టిన పని ముగించడం వంటి ఏడు సదుపాయాలు ఇచ్చి, తక్కిన వేళల్లో యాప్‌ను ఉన్నచోటే నిద్రపుచ్చింది. పని చేసేటప్పుడు వాడే జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, 128 మెగాబైట్లే ఉన్న పాత ఐఫోన్ 3జీకి ఆ మల్టీటాస్కింగ్ కూడా ఇవ్వలేదు. మొదట్లో ఐయాడ్ రాబడిలో 60 శాతం యాప్ తయారుచేసినవారిది, 40 శాతం ఆపిల్‌ది. 2016 జూన్ 30తో ఐయాడ్ మూతపడింది.

ఉచితంగా ఇచ్చిన యాప్‌లో ప్రకటన వస్తే నేను తప్పుపట్టను. రాసినవాడికీ ఇల్లు గడవాలి. కానీ పది పదిహేను వేలు పోసి కొన్న ఫోనులో, మన ఫైళ్ళు చూసుకునేచోట, తాళం తెర మీద, ఒక అప్‌డేట్ తరువాత ప్రకటనలు మొదలైతే మాత్రం అది అన్యాయమే. కొన్నప్పుడు లేని షరతు అది.

నా చేతుల మీదుగా జరిగిన పొరపాటు ఒకటి చెబుతాను. సింగరాయకొండ వైపు నుంచి ఒక రొయ్యల రైతు ఫోను నెమ్మదిగా ఉందని తెచ్చాడు. ఒక్క మాటైనా అడగకుండా అప్‌డేట్ వేసి ఇచ్చాను. కొత్త సాఫ్ట్‌వేర్ బ్యాటరీ ఆదా పేరుతో ఆయన ఏరియేటర్ల యాప్‌ను, అంటే చెరువు నీటికి గాలి అందించే యంత్రాలకు కరెంటు పోతే మోగి చెప్పేదాన్ని, రాత్రి నిద్రపుచ్చింది. తెల్లవారుజామున, చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గే వేళకు, కరెంటు పోయింది. ఫోను మోగలేదు. కాపలా మనిషికి మెలకువ వచ్చి జనరేటర్ వేశాడు కాబట్టి చెరువు దక్కింది. మర్నాడు ఆయన ఫోనును నా బల్ల మీద పెట్టి తెర చూపించాడు. 2.10కి చీరల ప్రకటన. 3.40కి అప్పు ఇస్తామనే ప్రకటన. కరెంటు పోయిందన్న హెచ్చరిక మాత్రం ఉదయం ఆరున్నరకు, ఆయన ఫోను తెరిచాక వచ్చింది. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అందుకే ఎవరు ఫోను తెచ్చినా ముందు ఒక ప్రశ్న అడుగు: "రాత్రిపూట ఈ ఫోనులో ఏది మోగి తీరాలి?" చెరువు యాప్ కావచ్చు, అమెరికాలో ఉన్న కొడుకు కాల్ కావచ్చు, మందుల అలారం కావచ్చు. అప్‌డేట్ అయ్యాక బ్యాటరీ సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ యాప్‌కు ఆంక్షలు తీసెయ్యి. ఆ ఒక్కదానికే సుమా. అన్నింటికీ తీసేస్తే సాయంత్రానికి ఛార్జింగ్ ఉండదు. ఫోను ఆయన చేతికి ఇచ్చే ముందు అది మోగుతుందో లేదో నువ్వే పరీక్షించి చూపించు.

భద్రతా అప్‌డేట్ సంగతి వేరు. యూపీఐ వాడే ఫోనుకు అది ఆపవద్దు. ఆలోచించవలసింది పెద్ద వెర్షన్ మార్పు గురించి. ఫోటోలకు వేరేచోట కాపీ తీసి పెట్టకుండా దానికి పూనుకోకు, ఎందుకంటే మళ్ళీ పాతదానికి మళ్ళాలంటే సాధారణంగా ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టవలసి వస్తుంది.

ప్రకటనల విషయంలో మన చేతిలో ఉన్నది చెయ్యి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న యాప్ నోటిఫికేషన్లు పంపాలంటే ముందు అనుమతి అడగాలి. అవసరం లేనివాటికి వద్దని నొక్కడం నేర్పించు. ప్రకటనలవాళ్ళు మన ఫోనును గుర్తుపట్టే సంఖ్యను, అంటే ప్రకటనల ఐడీని, తొలగించవచ్చు కూడా. అలా చేస్తే ప్రకటనలు ఆగవు, మన అలవాట్లను బట్టి వెంటపడటం తగ్గుతుందంతే. ఈ తేడా దాచకుండా చెప్పు.

వాడిన యాప్‌లన్నింటినీ వేలితో పైకి తోసెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పకు. నిద్రపోయే యాప్ బ్యాటరీని పెద్దగా తినదు, దాన్ని మొదటినుంచి తెరవడానికే ఎక్కువ ఖర్చు. ఫోను శుభ్రం చేస్తామనే యాప్‌లు అసలు వెయ్యవద్దు.

ఇంకొకటి. ప్రతి ఫోనులో మా యాప్ వేస్తే కమిషన్ ఇస్తామంటూ మనుషులు వస్తారు. కొత్త కొట్టు, అద్దె కట్టాలి, ఆశ పుడుతుంది. తీసుకోకు నాయనా. అద్దెకు తక్కువైతే నన్ను అడుగు.

ఆదివారం ఉదయం రైలుకు వస్తున్నాను. తుమ్మలపెంట ఆసామి ఇచ్చి వెళ్ళాడన్న ఫోనుకు అప్పటిదాకా అప్‌డేట్ వెయ్యకు. ఈలోగా ఆయనకు ఫోన్ చేసి, రాత్రి ఏది మోగాలో అడిగి చీటీ మీద రాసి ఉంచు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

నీ మామయ్య