మొదటి సొంత స్నోబోర్డు ఏది కొనాలి? (గడ్డం కొలత నమ్మి మణికట్టు విరగ్గొట్టుకున్నవాడి జవాబు)

ప్రశ్న అడిగినవారు వివరాలు బాగానే ఇచ్చారు. అమెరికాలో సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటారు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 84 కిలోలు, పోయిన సీజన్‌లో అయిదారు సార్లు అద్దె బోర్డుతో దగ్గర్లోని మంచు కొండ స్నోక్వాల్మీకి వెళ్ళారు. గ్రీన్ రన్లు, అంటే తేలికైన వాలు దారులు, పడకుండా దిగుతున్నారు, మధ్యరకం బ్లూ రన్లలో మాత్రం ఇంకా భయం ఉంది. ఇప్పుడు సొంత బోర్డు కొనాలి. "నిలబెడితే గడ్డం దాకా రావాలంటున్నారు, నిజమేనా? మంచి ఫాస్ట్ బోర్డు చెప్పండి" అని అడిగారు. అన్నీ చెప్పి అసలైనది వదిలేశారు: షూ సైజు. ఎవరూ చెప్పరు లెండి. నేనూ చెప్పలేదు.

2017 మార్చిలో నా పరిస్థితీ ఇదే. రెండు సీజన్లలో కలిపి పదిసార్లు కూడా కొండెక్కలేదు గానీ, నాకు వచ్చేసిందన్న నమ్మకం మాత్రం గట్టిగా కుదిరింది. సీజన్ చివరి సేల్ పెట్టిన ఒక షాపుకి వెళ్తే అక్కడి కుర్రాడు "ఏ లెవెల్?" అన్నాడు. "అడ్వాన్స్‌డ్" అన్నాను. నోరు నాదే కాబట్టి ఇక్కడిదాకా ఎవర్నీ అనడానికి లేదు. కానీ అతను నా కాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బోర్డు నా ముందు నిలబెట్టి, కొస గడ్డం దగ్గరికి రాగానే "పర్ఫెక్ట్" అనేశాడు. 156 సెంటీమీటర్ల పొడవు, ఫుల్ క్యాంబర్ (నేల మీద పెడితే మధ్యభాగం విల్లులా పైకి లేచి ఉండే వంపు), ఫ్లెక్స్ అంటే గట్టిదనం పదికి ఎనిమిది, నడుము (మధ్యలో సన్నగా ఉండే చోటు) వెడల్పు 24.8 సెంటీమీటర్లు. ఆ చివరి అంకె స్టిక్కర్ మీద ఉంది, చదివాను కూడా, కానీ అప్పటికే నా కళ్ళు బోర్డు అడుగున ఉన్న ఎర్రటి పులి బొమ్మకి అతుక్కుపోయాయి. నా బూటు సైజు అమెరికా కొలతలో 11.

తర్వాతి శనివారం రాత్రి వెళ్ళాం. స్నోక్వాల్మీ కనుమ ఎత్తు సుమారు 3,000 అడుగులే కాబట్టి అక్కడ నడి చలికాలంలో కూడా వాన పడుతుంది, ఆ రోజు మధ్యాహ్నం దాకా పడింది. మామూలుగానే మా దగ్గర మంచు తడిగా, బరువుగా ఉంటుంది, ఇక్కడివాళ్ళు దాన్ని క్యాస్కేడ్ కాంక్రీట్ అంటారు. అది వానకి తడిసి, చీకటి పడ్డాక గడ్డ కట్టిందంటే ఇక గచ్చునేలే. మొదటి రెండు రన్లు అదిరిపోయాయి. అద్దె బోర్డు ఎద్దుబండి అయితే ఇది గుర్రం అనుకున్నాను. మూడో రన్‌లో కాస్త నిటారుగా ఉండే చోట టో సైడ్‌కి తిరిగాను, అంటే ముఖం కొండవైపు, వీపు లోయవైపు, బరువంతా కాలివేళ్ళ మీద. ఎడ్జ్, అంటే బోర్డు అంచున ఉండే ఇనుప పట్టీ, మంచులోకి దిగాల్సిన చోట ముందుగా నా బూటు ముక్కు దిగింది. బోర్డు సన్నం, బూటు పొడవు, పైగా వెనక కాలు సున్నా డిగ్రీలకి బిగించుకున్నాను, అంటే బోర్డుకి సరిగ్గా అడ్డంగా. అలా బయటికి పొడుచుకొచ్చిన బూటు మంచుని గీరుతూ ఎడ్జ్‌ని పైకి లేపేసింది. గర్రుమని ఒక చప్పుడు, ఆ తర్వాత బొక్కబోర్లా పడి, రెండు చేతులూ చాపుకుని, పొట్ట మీద ఇరవై ముప్పై గజాలు కిందికి జారాను. ఆగి కళ్ళద్దాల మీద మంచు తుడుచుకుంటుంటే, ఏడెనిమిదేళ్ళ పాప ఒకతి గులాబీ రంగు జాకెట్ వేసుకుని నా పక్కన ఆగి, మీకేం కాలేదు కదా అని అడిగింది. ఏం కాలేదన్నాను. ఎక్స్‌రేలో బీట కనిపించింది, ఆరు వారాలు కట్టు. మణికట్టు గార్డులు కారు డిక్కీలో ఉన్నాయి, లేబుల్ కూడా తియ్యలేదు.

ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఏరా, జారి పడటానికి కూడా అక్కడ టికెట్ కొనాలా?" అంది. టికెట్ రేటు మాత్రం ఆవిడకి ఈరోజుకీ చెప్పలేదు. అన్నట్టు మీరు కూడా ఆ రోజుకారోజు కౌంటర్ దగ్గర టికెట్ కొనకండి, ముందుగా ఆన్‌లైన్లో తీసుకోండి. శనివారం పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి పార్కింగ్ దొరకలేదని మన వాట్సాప్ గ్రూపుల్లో ఏడవకండి కూడా. పులిహోర కలుపుకుని బయల్దేరేసరికి ఆ టైమే అవుతుంది, నాకు తెలుసు.

సరే, గడ్డం సంగతి. గడ్డం కొలత పనికిరాదు. బోర్డు మోసేది మీ బరువుని, గడ్డాన్ని కాదు. అదే ఎత్తున్న 60 కిలోల మనిషికీ మీకూ ఒకే బోర్డు ఎలా సరిపోతుంది? ఒక్కో మోడల్‌కీ కంపెనీ బరువుల చార్టు ఇస్తుంది, అది చూడండి. 84 కిలోలకి మామూలుగా 157 నుంచి 160 మధ్య తేలుతుంది. మీరింకా నేర్చుకుంటున్నారు కాబట్టి అందులో తక్కువ వైపు తీసుకోండి, తిప్పడం తేలిక. తర్వాత వెడల్పు. బూటు 9, 9.5 దాకా మామూలు బోర్డు చాలు, పదిన్నర పదకొండుకి వచ్చారంటే వైడ్ అని రాసి ఉన్నదే చూడాలి, నడుము దాదాపు 26 సెంటీమీటర్లు ఉండేది. బూటు ముందూ వెనకా సెంటీమీటరు, సెంటీమీటరున్నర బయటికి రావడం మంచిదే, దానివల్లే ఎడ్జ్ మీద బరువు పడుతుంది. అంతకు మించి వస్తే నా కథే. కాళ్ళ కోణాలు కూడా ముందుది 15 డిగ్రీలు, వెనకది మైనస్ 12 (అంటే వేళ్ళు వెనక వైపుకి తిరిగి) దగ్గర మొదలుపెట్టి మీ మోకాళ్ళు ఒప్పుకున్న చోట ఆపండి.

ఇక "ఫాస్ట్ బోర్డు" అనే మాట. అయిదారు సార్లు వెళ్ళినవాళ్ళకి ఫాస్ట్ బోర్డు అక్కర్లేదు, కొండ ఎలాగూ ఏటవాలుగానే ఉంటుంది. ఫ్లెక్స్ పదికి మూడు నాలుగు ఉన్నది తీసుకోండి, మహా అయితే అయిదు. గట్టి బోర్డు మీ తప్పు ఒక్కటి కూడా క్షమించదు, మెత్తటిది సగం తప్పులు కడుపులో పెట్టుకుంటుంది. ఫుల్ క్యాంబర్ ఇప్పుడే వద్దు. ఎడ్జ్ కొంచెం అటూ ఇటూ అయితే చాలు పట్టేసి విసిరికొడుతుంది. పూర్తి రాకర్, అంటే దానికి తిరగబడ్డ వంపు, కూడా వద్దు, గడ్డ కట్టిన మంచు మీద పాచి పట్టిన బావి గట్టు ఎక్కినట్టుంటుంది. మధ్యలో చదునుగానో కాస్త క్యాంబర్‌గానో ఉండి కొసలు పైకి లేచిన హైబ్రిడ్ తీసుకోండి. షేప్ ట్విన్ (రెండు కొసలూ ఒకేలా ఉండేది) గానీ డైరెక్షనల్ ట్విన్ (దాదాపు అలాంటిదే, కాస్త ముందు వైపుకి మొగ్గింది) గానీ అయితే చాలు, పౌడర్ (కొత్తగా పడ్డ మెత్తటి మంచు) కోసం తోక కోసేసిన బోర్డులు తర్వాత చూసుకోవచ్చు. యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్ళని చూసి మాత్రం కొనకండి. వాళ్ళు ఏడాదికి వంద రోజులు కొండ మీదే ఉంటారు, వాళ్ళు "కొంచెం మెత్తగా ఉంది, బోర్ కొట్టింది" అన్న బోర్డే మీకు సరైనది.

అసలు నన్నడిగితే బోర్డు కన్నా ముందు బూట్లు కొనాలి. మా ఆఫీసులో ఒకాయన 600 డాలర్ల బోర్డు కొని, బూట్లు ఎవరో వాడి వదిలేసినవి ఊరికే వస్తున్నాయని తెచ్చుకున్నాడు. లోపల మడమ గుప్పెడు లేస్తుంది, ఆయనేమో బోర్డు మాట వినట్లేదంటాడు. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త వాచి ఉన్నప్పుడు షాపుకి వెళ్ళి, ఒకే ఒక్క జత సాక్స్ వేసుకుని, పదిహేను నిమిషాలు వాటిలోనే తిరగండి. వేళ్ళు ముందు లైనర్‌ని (బూటు లోపలి మెత్తటి పొర) తాకాలి గానీ ముడుచుకోకూడదు. మోకాళ్ళు ముందుకి వంచితే మడమ లేవకూడదు. వాళ్ళు విసుక్కున్నా సరే. బైండింగ్స్ (బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బిగింపులు) కొనేముందు మీ బోర్డు మీద మామూలు నాలుగు రంధ్రాలున్నాయా, బర్టన్ కంపెనీ వాళ్ళ పొడుగు గాడి ఉందా చూసుకోండి, బిగించే డిస్క్ సరిపడనివి కూడా ఉంటాయి.

కంపెనీ పేరు అడుగుతారని తెలుసు. మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఒలింపిక్ ద్వీపకల్పంలో తయారయ్యే లిబ్ టెక్, గ్నూ బోర్డులకి ఎడ్జ్ తిన్నగా కాకుండా కూరలు కోసే రంపపు కత్తిలా వంకీలు వంకీలుగా ఉంటుంది, మ్యాగ్నె-ట్రాక్షన్ అంటారు. గట్టి మంచు మీద అది పట్టినట్టు ఇంకేదీ పట్టదు, ఇందులో వాదనకి తావు లేదు. నా స్నేహితుడు ఒప్పుకోడు, కానీ వాడు స్కీయర్. స్కీ వాళ్ళ గురించి మొదలుపెడితే ఈ జవాబు అవ్వదు. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ళ కోసం రెండు స్కీలు పక్కపక్కన బిగించి కట్టిన ఆటవస్తువు నుంచే ఈ స్నోబోర్డింగ్ అంతా వచ్చింది, 1998లో ఒలింపిక్స్‌కి కూడా ఎక్కింది, అయినా యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ మనల్ని గేటు దగ్గరే ఆపేస్తూ వచ్చాయి. వాళ్ళ కొండ, వాళ్ళిష్టం.

ఒకటి మర్చిపోయాను. బోర్డు అడుగు పొర (బేస్) సింటర్డ్ రకం అయితే తరచూ మైనం పెట్టాలి, ఎక్స్‌ట్రూడెడ్ రకం అయితే అంత పని ఉండదు. పెట్టేటట్టయితే మైనం కరిగించడానికి విడిగా ఒక ఇస్త్రీపెట్టె కొనుక్కోండి. ఇంట్లోది వాడి నేను మా ఆవిడ గద్వాల చీర మీద చేసిన మరక ఇంకా పోలేదు.

మీ షూ సైజు ఎంతో కింద రాయండి, అప్పుడు మోడల్ పేర్లతో సహా చెప్తాను. ఎనిమిదో ఎనిమిదిన్నరో అయితే, గట్టి బోర్డు తట్టుకోగల రోజు వచ్చాక నాకే చెప్పండి, గరాజ్‌లో పులి బొమ్మది ఒకటి పడి ఉంది, మొత్తం కలిపి మూడే రన్లు తిరిగింది.